ఇడ్లీ సాంబారు ఏకవచనమా, బహువచనమా?

మా వేగులవలస మునిసిపాలిటీకి ఇంగ్లీషు వ్యాకరణం పట్టిన సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. నేను అక్కడ లైసెన్సుల సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుని. పేరు దాలినాయుడు. ఈ వ్యవహారంలో నా తప్పు కూడా కొంత ఉంది. దాన్నీ దాచను.

ఆ ఏడు ఆగస్టులో రాజధాని నుంచి పురపాలక శాఖ డైరెక్టరుగారు తనిఖీకి వచ్చారు. గేటు దగ్గర ఇరవై అడుగుల బ్యానరు కట్టాం. చైర్‌పర్సన్, కమిషనర్ ఇద్దరూ ఆయనకు స్వాగతం చెబుతున్నట్టు ఇంగ్లీషులో రాయించాం. ‘చైర్‌పర్సన్ అండ్ కమిషనర్ వెల్కమ్స్ యూ’ అని. డైరెక్టరుగారు కారు దిగి, దండ వేయించుకుని, తలెత్తి చదివారు.

“వెల్కమ్ చివర ఆ ‘ఎస్’ ఎందుకయ్యా? ఇద్దరు పిలిచేటప్పుడు ‘వెల్కమ్’ అంటే చాలు. ఒక్కరు పిలిస్తేనే ‘వెల్కమ్స్’. అంటే మీ ఊళ్లో చైర్‌పర్సన్, కమిషనర్ ఇద్దరూ ఒక్కరేనన్నమాట” అన్నారు.

ఆయన నవ్వుతూనే అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లం కూడా నవ్వాం. నవ్వనివాళ్లు ఇద్దరే. తనను కమిషనర్‌లో కలిపేశారని చైర్‌పర్సన్‌గారికి కోపం వచ్చింది. తనను చైర్‌పర్సన్‌లో కలిపేశారని కమిషనర్ ముక్తేశ్వరరావుగారు చిన్నబోయారు.

డైరెక్టరుగారు ఆ రోజు మంచినీళ్ల ట్యాంకు ఎక్కలేదు. ఆరో వార్డులో కూలిపోయిన మురుగుకాల్వ గోడ వైపు వెళ్లలేదు. పది రోజుల తర్వాత వచ్చిన తనిఖీ నివేదికలో ఒకే ఒక్క లోపం చూపించారు. ‘ఈ పురపాలక సంఘములో కర్తలకును క్రియలకును పొత్తు కుదురుట లేదు. తక్షణమే సరిచేయవలెను.’

కమిషనర్‌గారు అన్ని సెక్షన్ల వాళ్లనీ కౌన్సిల్ హాలుకి పిలిచారు. ఆయన మంచి మనిషే. లంచం ముట్టరు, ఆలస్యంగా రారు. ఏదైనా ఒక విషయం ఆయన మనసుకి పట్టిందంటే మాత్రం అది తేలేవరకూ ఎవరికీ తిండి ఉండదు. అంతకుముందు ఏడాది ఫైళ్లకు కట్టే ట్యాగుల పొడవు మీద పడ్డారు. ఇప్పుడు వ్యాకరణం.

“గత డెబ్బై ఏళ్లుగా ఈ సంస్థలో కర్తలు ఒక దారి, క్రియలు ఒక దారి నడుస్తున్నాయి. ఇది కేవలం భాషా దోషం కాదు. పరిపాలనా వైఫల్యం. నేటి నుంచి దీనిని మిషన్ మోడ్‌లో చేపడుతున్నాం” అన్నారు.

మునిసిపల్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఎస్తేరురాణి టీచరుని డెప్యుటేషన్ మీద పిలిపించారు. పదో తరగతి అరవై రెండు మంది పిల్లల్ని వదిలి ఆవిడ మా ఆఫీసుకి వచ్చింది. రికార్డు రూము సగం ఖాళీ చేయించి బల్ల వేశారు. తలుపు మీద ‘కర్త–క్రియ సమన్వయ విభాగం’ అని బోర్డు పెట్టారు. మాకు మూడు రోజుల శిక్షణ.

టీచరు పిల్లలకు చెప్పినట్టే ఓపిగ్గా చెప్పింది.

“రెండు పేర్ల మధ్య ‘అండ్’ వస్తే అవి రెండూ కలిసి బహువచనం అవుతాయండి. సూరి ఒక్కడే అయితే ‘ఈజ్’. సూరి అండ్ గౌరి అంటే ‘ఆర్’. ఇంతే. కాకపోతే రెండిటినీ కలిపి ఒకే వస్తువు అనుకుంటే అప్పుడు మళ్లీ ‘ఈజ్’. బ్రెడ్ అండ్ బటర్ ఈజ్. అది ఒకే ఫలహారం కదా.”

కమిషనర్‌గారు చెయ్యెత్తారు. “ఒకటి అనుకుంటే అంటున్నారు. ఎవరు అనుకుంటే?”

“మాట్లాడేవాళ్లండి.”

“ప్రభుత్వంలో మాట్లాడేవాళ్లు ఉండరమ్మా. కాంపిటెంట్ అథారిటీ ఉంటుంది. ఆ నిర్ణయాధికారం ఎవరిదో స్పష్టం చేయండి.”

టీచరు పుస్తకం తిరగేసి, అందులో ఆ సంగతి లేదని ఒప్పుకుంది. అయితే ఆ అధికారం తనదేనని కమిషనర్‌గారు మినిట్స్‌లో రాయించారు.

రెండో రోజు ‘ఐదర్–ఆర్’ పాఠం. ఇతనో అతనో అన్నప్పుడు క్రియకి ఏ పేరు దగ్గరగా ఉంటే క్రియ ఆ పేరునే అనుసరిస్తుందని టీచరు చెప్పింది. ఇంజనీరుగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పించుకుని డైరీలో రాసుకున్నారు. మూడో రోజు ‘అలాంగ్ విత్’ పాఠం. ఫలానావారితో కూడి అని రాస్తే ఆ కూడి వచ్చినవారు వ్యాకరణం దృష్టిలో లెక్కలోకి రారట. ఈ మాట ఎవరు చేరవేశారో గానీ వైస్ చైర్మన్‌గారికి తెలిసింది. ఆహ్వాన పత్రాల మీద ఆయన పేరు ఎప్పుడూ చైర్‌పర్సన్‌తో కూడియే ఉంటుంది. నాలుగేళ్లుగా తనను లెక్కలో లేకుండా చేశారని ఆయన మూడు సమావేశాలు బహిష్కరించారు.

శిక్షణ అయిన మర్నాడు సర్క్యులర్ వచ్చింది. ‘కర్త, క్రియ సరిచూడబడినవి’ అనే ముద్ర పడని ఏ ఫైలూ ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి కదలరాదు.

మొదట చిక్కుకున్నది ఆరో వార్డు కాల్వ ఫైలు. కాల్వ గోడ కూలడానికి ఇంజనీరో కాంట్రాక్టరో బాధ్యులు అని ఇంగ్లీషులో రాయాలి. ఇంజనీరుగారు కాంట్రాక్టరు పేరుని తీసుకెళ్లి క్రియ పక్కన పెట్టారు. క్రియ ఎవరిని అనుసరిస్తే బాధ్యత వాళ్లదేనని ఆయన వాదన. కాంట్రాక్టరు ఊరుకుంటాడా? తనను క్రియకు దూరంగా మార్చవలసిందని వకీలు చేత నోటీసు ఇప్పించాడు. పేర్లు అటూ ఇటూ ఐదు వారాలు మారాయి. మధ్యలో ఎవరో గడుసువాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ని ఇరికించాడు. ఆయన సెలవు పెట్టి వెళ్లిపోయాడు. ఆరో వార్డు జనం ఆ కాల్వ మీద బల్లలు వేసుకుని నడుస్తూనే ఉన్నారు. చివరికి ఆ ఫైలు కమిషనర్‌గారి బల్ల మీదికే వచ్చి కూర్చుంది. క్రియకు దగ్గరగా ఉండడానికి కింద ఎవరూ ఒప్పుకోలేదు మరి.

ఇలా ఉండగా తోపుడు బళ్ల లైసెన్సులు వచ్చి పడ్డాయి.

రోడ్లు ఇరుకైపోతున్నాయని కౌన్సిల్ కొత్త తీర్మానం చేసింది. ఒక బండి, ఒక వస్తువు. ఏ బండి మీద ఏ వస్తువు అమ్ముతారో లైసెన్సులో రాయాలి. సన్యాసమ్మ అర్జీ నా బల్ల మీదికి వచ్చింది.

సన్యాసమ్మది ఆర్టీసీ కాంప్లెక్సు పక్కన ఇడ్లీ బండి. భర్త పోయిన దగ్గర్నుంచి, అంటే పద్నాలుగేళ్లుగా, పొద్దున్న ఆరింటికల్లా ఆవిరి పాత్ర మూత తీస్తుంది. తెల్లటి జుట్టు ముడి వేసుకుని, మోచేతుల దాకా కాలిన మచ్చలతో, ఎవరికి ఎన్ని వేసిందో కాగితం లేకుండా గుర్తుంచుకుంటుంది. మా ఆఫీసులో సగం మందికి ఆవిడ బండే వంటిల్లు. నేను పదకొండేళ్లు అక్కడ తిన్నాను. మా ఆవిడకి ఈ సంగతి తెలుసు, ఏమీ అనదు.

అర్జీ తెలుగులోనే ఇచ్చింది, వేలిముద్ర వేసి. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఫైలు పెట్టాల్సింది నేను. ‘ఇడ్లీ అండ్ సాంబార్ ఈజ్ సోల్డ్’ అని రాశాను. ఏదీ ఆలోచించి రాయలేదు. పదకొండేళ్లుగా నా నోటికి అవి రెండుగా ఎప్పుడూ తగల్లేదు, అందుకని ‘ఈజ్’ పడింది. నా తప్పు కొంత ఉందన్నానే, అది ఇదే.

గంటలో కమిషనర్‌గారి నుంచి పిలుపు వచ్చింది. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

“దాలినాయుడూ, ‘అండ్’ ఉంది. అయినా ‘ఈజ్’ రాశావు. ఏ ఆధారంతో?”

“రెండూ కలిపి ఒకే టిఫిను కదండీ...”

“అని నువ్వు అనుకున్నావు. నువ్వు కాంపిటెంట్ అథారిటీవి కావు.” ఆయన లేచి గదిలో అటూ ఇటూ నడిచారు. “ఇది మన మొదటి టెస్ట్ కేసు. ‘ఈజ్’ అయితే ఒకే వస్తువు. ఒక బండికి ఒక వస్తువు, లైసెన్సు ఇవ్వవచ్చు. ‘ఆర్’ అయితే రెండు వస్తువులు. రెండు బళ్లు పెట్టుకోవాలి. ఇడ్లీకి ఒకటి, సాంబారుకి ఒకటి. బండికీ బండికీ మధ్య ముప్పై అడుగుల ఎడం.”

“తినేవాళ్లకి కష్టం కదండీ.”

“తినేవాళ్లు మన వాక్యంలో లేరు” అన్నారు కమిషనర్‌గారు.

విషయం తేలేవరకూ బండి తిరగకూడదని ఉత్తర్వు ఇచ్చారు. రోడ్ల మీద ఆక్రమణలు తొలగించే మా స్క్వాడ్ వాళ్లు వెళ్లి బండిని తోసుకొచ్చి, మునిసిపల్ యార్డులో చెత్త ఆటోల పక్కన గొలుసు వేశారు. ఆవిరి పాత్ర ఇంకా వేడిగానే ఉందట.

సన్యాసమ్మ మధ్యాహ్నానికి నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నా బండేటి సేసినాది బాబూ? కట్టేసినారు?”

“ఇడ్లీ, సాంబారు ఒకటో రెండో తేలాలమ్మా.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నానేమో అనుకుంది కాబోలు. “దాన్లో తేలడానికేటుంది బాబూ? ఇడ్లీ ఏత్తాను, సాంబారు పోత్తాను.”

“అలా కాదు. ఒకటే అని చెబుతావా, రెండని చెబుతావా?”

“ఒకటే అనుకోండి.”

“ఒకటే అయితే, ఎవరైనా ఇడ్లీ లేకుండా సాంబారు ఒక్కటే ఇంకొంచెం పొయ్యమంటే పొయ్యకూడదు. లైసెన్సు పోతుంది.”

ఆవిడ చీర చెంగుతో మెడ తుడుచుకుంది. “రెండో పాలి సాంబారు పొయ్యకపోతే నా కాడికి ఎవులొత్తారు బాబూ? మీరొత్తారా?”

నేను వెళ్లను. ఆ మాట ఆవిడతో చెప్పలేకపోయాను.

“పోనీ రెండు అందాం. రెండైతే రెండు బళ్లు పెట్టుకోవాలి. ఇడ్లీ అక్కడ, సాంబారు ఇక్కడ.”

“నానొక్కదాన్నే గదా బాబూ” అంది సన్యాసమ్మ.

ఆ మాట నేను ఫైల్లో ఎక్కించలేదు. అలాంటి మాటకి ఫారంలో గడి లేదు.

వారం తిరిగేసరికి ఆవిడ స్టేషన్ రోడ్డులోని ఫంక్షన్ హాల్లో పళ్లేలు తోమే పనిలో చేరిందని తెలిసింది. ఆఫీసులో పొద్దున్నపూట గుమాస్తాలు బిస్కెట్లు నానబెట్టుకు తినడం మొదలుపెట్టారు. పదకొండు గంటల ప్రాంతంలో అందరి గొంతులూ కొంచెం కటువుగా ఉండేవి. సన్యాసమ్మ మాత్రం రోజు విడిచి రోజు మధ్యాహ్నం వచ్చేది. యార్డుకి వెళ్లి బండి చక్రాలకి పట్టిన దుమ్ము దులిపి, నా దగ్గరికి వచ్చి “తేలిందా బాబూ?” అని అడిగి వెళ్లేది. వేళ్ల చివర్లు పళ్లేలు తోమే సోడా నీళ్లకి తెల్లగా పగిలి ఉండేవి.

సెప్టెంబరు నెలాఖరులో క్షేత్రస్థాయి పరిశీలన పెట్టారు. ఒక్క పూటకి బండి గొలుసు విప్పి, ‘ప్రదర్శన నిమిత్తం మాత్రమే’ అని చీటీ అంటించి, కాంప్లెక్సు పక్కన నిలబెట్టారు. కమిషనర్‌గారు, ఎస్తేరు టీచరు, నేను, వీడియో తీయడానికి ఒక ఫొటోగ్రాఫరు. సన్యాసమ్మ ఫంక్షన్ హాల్లో సెలవు అడిగి వచ్చింది. బండి దొరుకుతోందన్న ఆశతో రాత్రే పిండి రుబ్బుకుని, నాలుగింటికే లేచి సాంబారు కాచిందట.

మొదటి గిరాకీ ఆటో గౌరీసు. నాలుగు ఇడ్లీలు అడిగాడు. సన్యాసమ్మ ఇడ్లీలు పళ్లెంలో వేసింది. గరిటె సాంబారులో ముంచింది.

“ఆగు!” అన్నారు కమిషనర్‌గారు.

గరిటె గాల్లో ఆగింది.

“టీచర్‌గారూ, ప్రస్తుత స్థితి ఏమిటి?”

“ఇప్పుడు ‘ఆర్’ అండి” అంది టీచరు నెమ్మదిగా.

“నోట్ చేయండి. ఇప్పుడు పొయ్యి.”

సన్యాసమ్మ పోసింది. సాంబారు ఇడ్లీల చుట్టూ పారి, అంచుల్లోంచి లోపలికి ఇంకింది. కమిషనర్‌గారు ముందుకు వంగి చూశారు.

“ఇప్పుడు?”

“ఇప్పుడు ‘ఈజ్’ అనుకోవచ్చండి.”

“అనుకోవచ్చు కాదమ్మా. ఎంతసేపటికి ‘ఈజ్’ అయిందో కావాలి.”

“ఏటి సార్ ఇది, సల్లారిపోతంది” అన్నాడు గౌరీసు.

“బాబూ, మీరు పౌరులు. మీ అభిప్రాయం అవసరం. మీరు తినబోయేది ఒక పదార్థమా, రెండు పదార్థాలా?”

గౌరీసు పళ్లెం వైపు చూశాడు. కమిషనర్ వైపు చూశాడు. ప్రభుత్వం వాళ్లు అడిగారంటే ఏదో మెలిక ఉంటుందని అతనికి అనుభవం. “నాలుగు సార్” అన్నాడు. “నాలుగిడ్లీలు.”

అది కూడా నోట్ చేశారు.

తర్వాత వచ్చినావిడ పార్సిలు అడిగింది. సన్యాసమ్మ ఇడ్లీలు ఆకులో చుట్టి, సాంబారు వేరే కవర్లో పోసి దారం కట్టింది. ఒకే బండి మీద ‘ఈజ్’ కూడా, ‘ఆర్’ కూడా నడుస్తున్నాయని తేలింది. కమిషనర్‌గారు చెమట తుడుచుకున్నారు. అంతలో ఆ పార్సిలావిడ “పచ్చడెయ్యలేదేటి సన్యాసమ్మా?” అంది.

కమిషనర్‌గారు బండి దగ్గరికి వచ్చారు.

“పచ్చడి కూడా ఉందా?” అన్నారు కమిషనర్‌గారు.

“ఉంటాది గదా బాబూ” అంది సన్యాసమ్మ. మూడో గిన్నె మూత తీసి చూపించింది కూడా. పాపం, దాచాలని తెలియదు.

అర్జీలో పచ్చడి ప్రస్తావన లేదు. నిజాలు దాచిపెట్టినట్టు అనుబంధ నోటు రాయవలసి వచ్చింది. రాసింది నేనే.

పరిశీలన నివేదిక నలభై పేజీలు వచ్చింది. కమిషనర్‌గారు స్వయంగా ముగింపు రాశారు. గరిటె వంగేవరకు ఇడ్లీ, సాంబారు రెండు. సాంబారు ఇంకిన పిదప ఒకటి. కావున లైసెన్సులోని క్రియ అమ్మకం జరుగుతుండగా మారవలసి ఉన్నది. ఆ మార్పు జరిగే క్షణాన్ని ధ్రువీకరించడానికి ప్రతి బండి వద్ద ఒక ఉద్యోగిని నియమించవలెను. ఆ పోస్టుకి ‘సంధి పర్యవేక్షకుడు’ అని పేరు పెట్టి, మంజూరు కోసం రాజధానికి రాశారు. మంజూరు వచ్చేవరకు బండి యార్డులోనే.

ఫొటోగ్రాఫరు వెళ్లిపోయాక స్క్వాడ్ వాళ్లు మళ్లీ బండి తోసుకుపోయారు. ఈసారి సన్యాసమ్మ వెనకాలే నడవలేదు. మిగిలిపోయిన ఇడ్లీలు గిన్నెతో నెత్తిన పెట్టుకుని ఫంక్షన్ హాలు వైపు వెళ్లిపోయింది. ఆ తర్వాత “తేలిందా బాబూ” అని అడగడానికి రావడం మానేసింది. ఆవిడ వచ్చి అడిగిన రోజులకన్నా రాని రోజులు నాకు ఎక్కువ కష్టంగా గడిచాయి.

ఒక శనివారం ఆఫీసు వదిలే వేళకి ఎస్తేరు టీచరు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

“నాయుడుగారూ, ఇరవై రెండేళ్లు ఈ పాఠం చెప్పాను. తప్పు రాసిన పిల్లాడికి ఒక మార్కు పోయేది. అంతకుమించి ఎవరికీ ఏమీ పోలేదు. నేను చెప్పిన పాఠంతో ఒక మనిషి పొయ్యి ఆరిపోవడం ఇదే చూడ్డం.”

“మీరేం చేశారండీ. ‘ఈజ్’ రాసింది నేను.”

“అక్కడ ఏది రాసినా ఇంతే అయ్యేది.” ఆవిడ సంచి సర్దుకుంటూ ఆగింది. “ఆవిడ అర్జీ తెలుగులోనే ఇచ్చింది కదూ? అందులో ఏముంది?”

బీరువా తీసి అర్జీ చూశాను. పక్కింటి పిల్ల చేత రాయించినట్టుంది. ‘నాకు ఇడ్లీ సాంబారు అమ్ముకోవచ్చు అని కాగితం ఇప్పించగలరు.’

టీచరు ఆ వాక్యాన్ని పైకి చదివింది. మళ్లీ చదివింది. ఎర్ర సిరా పెన్ను తీసి, ఏ తప్పూ దొరక్క మూత పెట్టేసింది.

“ఇందులో క్రియకి వచనమే లేదు నాయుడుగారూ” అంది.

ఆ ఆదివారం నాకు నిద్ర పట్టలేదు. తెలుగులో వచ్చిన అర్జీకి తెలుగులోనే జవాబు ఇమ్మని ఒక పాత ఉత్తర్వు మా బీరువా అడుగున ఉంది. ఎవరూ రద్దు చేయలేదు, ఎవరూ చదవనూ లేదు. దాన్ని పైన పెట్టి కొత్త నోటు తయారుచేస్తే కమిషనర్‌గారు ఏమంటారో తెలియదు. రెండు నెలల ఉద్యమాన్ని ఒక గుమాస్తా ఒక కాగితంతో పక్కన పెట్టడం ఆయనకి ధిక్కారంగా తోచవచ్చు. అంతకుముందు ట్యాగుల విషయంలో ఎదురు చెప్పినవాడు ఇప్పటికీ జనన మరణాల సెక్షన్‌లో మరణాలే చూస్తున్నాడు. అయినా సోమవారం పదింటికి ఒకే ఒక్క వాక్యం రాసి తీసుకెళ్లాను.

కమిషనర్‌గారు చదివారు. ‘ఇడ్లీ సాంబారు అమ్ముకోవచ్చు.’

“ఇందులో ‘ఈజ్’ ఎక్కడ?”

“లేదండీ.”

“అయితే ‘ఆర్’ ఉండాలి.”

“అదీ లేదండీ. ఒకటైనా అమ్ముకోవచ్చు, రెండైనా అమ్ముకోవచ్చు. పచ్చడి కలిపి మూడైనా అమ్ముకోవచ్చు. క్రియ ఏమీ మారదండీ.”

ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. “మరి కర్త ఎవరు? ఎవరు అమ్ముకోవచ్చు?”

దీనికి మాత్రం నేను సిద్ధపడి రాలేదు. అప్పుడే కాగితం వైపు చూశాను.

“కర్త... లేడండీ.”

“లేనే లేడా?”

“వాక్యంలో లేడండీ.”

“రేపు ఆడిట్ వాళ్లు వచ్చి, ఎవరు అమ్ముకొమ్మన్నారు అని అడిగితే?”

“అదీ అందులో లేదండీ. చెప్పినవాళ్లూ లేరు, చేసేవాళ్లూ లేరు. అమ్ముకోవచ్చు, అంతేనండీ.”

కమిషనర్‌గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇక అయిపోయింది, మరణాల సెక్షనే అనుకున్నాను. ఆయన లేచి కిటికీ దాకా వెళ్లారు. తిరిగి చూసేసరికి మొహం తేటపడి ఉంది. నేను ఆయన దగ్గర పనిచేసిన నాలుగేళ్లలో ఆయన్ని అంత ప్రశాంతంగా ఎప్పుడూ చూడలేదు.

“ముప్పై ఏళ్ల సర్వీసు నాయుడూ నాది” అన్నారు. “ప్రతి వాక్యంలోనూ ఎవరో ఒకరు ఉండి తీరాలనుకున్నాను.” బల్ల మీది కాల్వ ఫైలు నా వైపు తోశారు. “ఇది కూడా ఇలా రాయగలవా?”

“‘కాల్వ గోడ కట్టుకోవచ్చు’ అని రాయొచ్చండీ.”

“కట్టుకోవచ్చు.” ఆయన ఆ మాటని నోట్లో పెట్టుకుని రుచి చూశారు. “ఎవరికీ తగలదు. బాగుంది.” రెండింటి మీదా ఒకేసారి సంతకం చేశారు.

ఆ వారం నుంచి మా ఆఫీసు ఉత్తర్వుల్లో మనుషులు కనబడడం మానేశారు. చూడవచ్చు, పరిశీలించవచ్చు, పంపవచ్చు. సమన్వయ విభాగం మూసేశారు. ఎస్తేరు టీచరు తన అరవై రెండు మంది దగ్గరికి వెళ్లిపోయింది. ఆరో వార్డు జనం కట్టుకోవచ్చన్న ఉత్తర్వు చదువుకుని, ఎవరు కట్టుకోవాలో అందులో లేదు కాబట్టి తామే సిమెంటు తెచ్చుకుని గోడ కట్టుకున్నారు. కమిషనర్‌గారు దాన్ని ఆ త్రైమాసికం విజయాల్లో చూపించారు.

సన్యాసమ్మకి కాగితం ఇవ్వడానికి నేనే ఫంక్షన్ హాలుకి వెళ్లాను. వెనక పెరట్లో పళ్లేల గుట్ట మధ్య కూర్చుని ఉంది. పక్కనే బంగారమ్మ అనే ఇంకొకావిడ తోముతోంది. సన్యాసమ్మ లేచి, తడి చేతులు చీరకి తుడుచుకుని, కాగితం అంచులు పట్టుకుంది.

“సదవండి బాబూ.”

చదివాను. ఒక్క వాక్యమే కాబట్టి వెంటనే అయిపోయింది.

“అంతేనా?”

“అంతే.”

“నా పేరేదీ?”

“పేరు లేదమ్మా. పేరు పెడితే మళ్లీ చిక్కు వస్తుంది.”

సన్యాసమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. చదువు రాకపోయినా, పేరు లేని చోటుని వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత పళ్లేల గుట్ట వైపు తిరిగి, “అయితే దీనికీ పనికొత్తాదా బాబూ?” అంది బంగారమ్మని చూపిస్తూ.

సీనియర్ అసిస్టెంటుగా ఆ ప్రశ్నకి జవాబు కాగితంలో వెతకడం నా ధర్మం. వెతికాను. పనికిరాదని అందులో ఎక్కడా లేదు.

మర్నాడే బండి గొలుసు విప్పించాను. ఆ పై సోమవారానికి కాంప్లెక్సు అవతలి గేటు దగ్గర బంగారమ్మ బండి వచ్చింది. నీ గిరాకీ తగ్గదా అని సన్యాసమ్మని అడిగాను.

“తగ్గితే తగ్గుతాది బాబూ. ఆ సోడా నీళ్లలో దాని గోళ్లు ఊడిపోతన్నాయి. నాను సూసినాను గదా.”

నెలలో బళ్లు ఆరయ్యాయి. స్క్వాడ్ ఇన్‌స్పెక్టరు ఆరు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. అన్నీ ఒకే కాగితానికి నకళ్లే, అన్నిటి మీదా కమిషనర్‌గారి సంతకమే. అసలు లైసెన్సు ఎవరిదని అడిగాడు. వాక్యంలో ఎవరూ లేరని చెప్పాను. ఇద్దరం కలిసి కమిషనర్‌గారి దగ్గరికి వెళ్లాం. రద్దు చేయాలంటే ఎవరి లైసెన్సు, ఎవరు ఇచ్చారు, ఎవరు రద్దు చేస్తున్నారు అని రాయాలి. మూడు చోట్లా మనుషులు కావాలి. కమిషనర్‌గారు పెన్ను తీసి, ఫైలు మీద ‘చూడవచ్చు’ అని రాసి పక్కన పెట్టారు.

ఇప్పుడు కాంప్లెక్సు చుట్టూ పదకొండు బళ్లున్నాయి. అసలు కాగితం సన్యాసమ్మ దగ్గరే ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆవిరి పాత్ర వెనక మేకుకి తగిలించింది. మొన్న పొద్దున్న నేను తింటుండగా, చంకలో పసిపిల్లతో ఒక అమ్మాయి వచ్చి, బండి పెట్టుకోవాలంటే ఆఫీసులో ఎవరిని కలవాలని భయం భయంగా అడిగింది. సన్యాసమ్మ గరిటె పక్కన పెట్టి, కవరు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

“ఆపీసుకెందుకే? ఎదర కొట్టుకెల్లి జెరాక్సు తీయించుకుని నాది నాకిచ్చెయ్యి. పేరేటీ రాయించక్కర్లేదు.”